పెట్టెలో నీరుగంటి

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వానే. అలాంటి సీమలో చెరువు నిండిందంటే పండగే. ఆ నీళ్లు పంచే నీరుగంటికి ఎవరి మడి ఎక్కడుందో, ఏ కాలువ ఎటు పోతుందో కంఠతా వచ్చు. తూము తెరిచి నీళ్లన్నీ ఊరి మీదికి వదిలేయడు. ఎవరి వంతు వారి మడికే మళ్లిస్తాడు.

అచ్చం అలాంటి నీరుగంటే కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లోనూ ఉంటాడు. మూలన పచ్చ దీపాలు మిణుకుమంటూ, బోలెడు కేబుళ్లు గుచ్చిన పెట్టె... అదే ఈథర్‌నెట్ స్విచ్!

ఒకప్పుడు ఆ చోట హబ్ ఉండేది. దానికి విచక్షణ తక్కువ. ఒక కంప్యూటర్ పంపిన సమాచారాన్ని మిగతా అన్నింటికీ పంచేసేది. రెండు ఒకేసారి పంపితే ఢీకొని చెడిపోయేవి. మళ్లీ పంపాల్సిందే. స్విచ్ వచ్చి ఆ బాధ తప్పించింది. 1990లో తొలి ఈథర్‌నెట్ స్విచ్‌ను మార్కెట్లోకి తెచ్చిన అమెరికా సంస్థ పేరేంటో తెలుసా? కల్పన! వ్యవస్థాపకుల్లో ఒకరైన వినోద్ భరద్వాజ్ భార్య పేరది. 1994లో ఆ సంస్థను సిస్కో కొనేసింది.

ఇంతకీ ఎవరు ఎక్కడున్నారో స్విచ్‌కు చెప్పేదెవరు? ఎవరూ చెప్పరు, అదే నేర్చుకుంటుంది. ప్రతి కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డుకీ 48 బిట్ల మ్యాక్ చిరునామా ఉంటుంది. సమాచారం వచ్చినప్పుడల్లా పంపిన చిరునామానీ, వచ్చిన పోర్టునీ పట్టికలో రాసుకుంటుంది. చేరాల్సిన చిరునామా పట్టికలో ఉంటే నేరుగా ఆ పోర్టుకే పంపుతుంది. లేకుంటే వచ్చిన దారి వదిలి మిగతా అన్నింటికీ పంపి, జవాబు ఎటునుంచి వచ్చిందో చూసి గుర్తుపెట్టుకుంటుంది. కొంతసేపు ఉలుకూ పలుకూ లేని చిరునామాని చెరిపేస్తుంది.

ఇంత తెలివైన పెట్టె కూడా ఒక్క పొరపాటుకు చతికిలపడుతుంది. వేలాడుతున్న కేబుల్‌ని సర్దుదామని ఎవరో రెండు కొసలూ అదే స్విచ్‌లో గుచ్చారనుకోండి. అందరికీ వెళ్లాల్సిన సందేశం ఆ వలయంలో ఆగకుండా తిరుగుతుంది. ఇన్నిసార్లే తిరగాలన్న హద్దు దానికి లేదు. క్షణాల్లో ల్యాబంతా స్తంభిస్తుంది. ఆన్‌లైన్ పరీక్ష రాస్తున్న పిల్లలు తెర వంక చూస్తూ కూర్చోవాల్సిందే! దీనికి విరుగుడుగా రేడియా పెర్ల్‌మన్ 1985లో స్పానింగ్ ట్రీ పద్ధతి కనిపెట్టారు. అదనపు దారిని గుర్తించి మూసేయడమే దాని పని. చవక స్విచ్‌లు చాలావాటిలో ఈ సదుపాయం ఉండదు.

అందుకే ల్యాబంతా ఒక్కసారిగా ఆగిపోతే, నెట్ కంపెనీని తిట్టేముందు ఆ పెట్టెనీ కేబుళ్లనీ ఓసారి చూడాలి. కాలువకు గండి పడితే చెరువును తిట్టి ఏం లాభం?