పసిపిల్లలకు వర్ణక్రమపు ఇంటిపాఠములు

వేసవి సెలవులు ముగిసి పాఠశాలలు తెఱచిన పిమ్మట ప్రతి సంవత్సరము మన గృహములలో ఒకేవిధమగు కలహము ఆరంభమగుచున్నది. సాయంకాలము ఇల్లు చేరిన ఆఱేడేండ్ల బిడ్డ సంచిలో ఒక చిన్న పుస్తకముండును. అందు పది యాంగ్లపదములు వ్రాసియుండును. మఱునాటి ఉక్తలేఖనమున వానిని తప్పులేక వ్రాయవలెను. తప్పినచో ఒక్కొక్క మాటను పదిమాఱులు వ్రాసి తేవలెను. తల్లి కోపించును, బిడ్డ యేడ్చును, తండ్రి వచ్చి ఇద్దఱిని మందలించును. ఇది ఇంటింట నున్నదే గదా యని పెద్దలు నవ్వి యూరకుందురు. మేము నవ్వజాలకున్నాము. ఈ పని ఆ బిడ్డ శక్తికి మించినదా, కాదా యను విషయమును నేడు విచారింపనెంచితిమి.

మా యభిప్రాయమును మొదటనే చెప్పుచున్నాము. మాటను తప్పులేక వ్రాయ నేర్చుట పిల్లలకు మించిన పని కాదు. తానెఱుగని భాషలో, తానెన్నడు పలుకని మాటలను, చెప్పువారు లేని యింట, దండనభయముతో, నిదుర వచ్చు వేళ కంఠస్థము చేయుట మాత్రము తప్పక మించిన పని. ఈ రెంటిని కలిపి మాటలాడుటచేతనే మన పాఠశాలాధికారులును, తలిదండ్రులును పొరపడుచున్నారు.

‘స్పెల్లింగు’ అను దానికి సరియగు మాట మన నిత్యవ్యవహారమున లేదు. వర్ణక్రమమనునది పుస్తకములలోని మాట. పల్లెలో నెవ్వరును దానిని పలుకరు. మనకు గుణింతములు గలవు, ఒత్తులు గలవు, చూచివ్రాత గలదు. పలికినట్లు వ్రాయుదుము, వ్రాసినట్లు చదువుదుము గనుక ‘అమ్మ’ను వ్రాయుటకు ముందు దాని యక్షరముల పేర్లను వరుసగా వల్లించు నవసరము తెలుగు బిడ్డకు లేదు. అట్లని తెలుగు వ్రాత సులభమని మేము చెప్పము. త, న, మ, య, ర, ల యను నక్షరముల ఒత్తులు తల్లియక్షరములను పోలియుండవు. ‘భయము’ను ‘బయము’గా పలుకు నింటిలో పెరిగిన బిడ్డకు ఒత్తక్షరము ఎచ్చట వచ్చునో చెవి చెప్పదు. శ, ష, స ల భేదము పెద్దలకే దుర్గ్రాహ్యము. పూర్వము అరసున్నయు, బండిఱయు గూడ పిల్లల ప్రాణములను తీసెడివి. గిడుగు రామమూర్తి పంతులుగారును వారి సహచరులును చేసిన వాదముల ఫలితముగా పాఠ్యపుస్తకములనుండి ఆ బాధ తొలగినది. (మేము పాతయలవాటుచే ఈ పుటయందు బండిఱను వాడుచున్నాము గాని, దానికై ఏ బాలుని చెవియు మెలిపెట్టబడరాదని మా మనవి.)

ఆంగ్లము సంగతి వేఱు. ఆ భాషకు 26 అక్షరములు, సుమారు 44 ధ్వనులు. కత్తి యను నర్థము గల ‘నైఫ్’ అను మాట ‘కె’ అను నక్షరముతో నారంభమగును. ఆ ‘కె’ పలుకబడదు. ‘ఓ, యు, జి, హెచ్’ అను నాలుగక్షరముల గుంపు ఒక మాటలో ‘టఫ్’ అనియు, మఱియొక మాటలో ‘త్రూ’ అనియు, వేఱొక దానిలో ‘కాఫ్’ అనియు పలుకును. ఇందులో ఆంగ్లేయుల దుర్బుద్ధి యేమియు లేదు. 1476లో కాక్స్టన్ ముద్రాయంత్రమును ఇంగ్లండునకు దెచ్చిన పిదప అచ్చులో మాటల కూర్పు క్రమముగా గట్టిపడినది. పలుకుబడి మాత్రము మాఱుచునే పోయినది. కావున ఐదువందల యేండ్లనాటి యాంగ్లేయుల నాలుక ఎట్లు తిరిగెనో దానిని నేడు మన రెండవ తరగతి బిడ్డ కంఠస్థము చేయుచున్నాడు.

దీని ఫలితము ఆ భాషను తల్లిపాలతో నేర్చిన పిల్లలయందే కానవచ్చుచున్నది. 2003లో సేమర్, ఆరో, ఎర్స్కిన్ అను పండితులు ఆంగ్లమును, మఱి 12 ఐరోపా లిపులను పోల్చి ఒక పరిశోధనమును ప్రకటించిరి. పెక్కుభాషల పిల్లలు బడిలో చేరిన మొదటి సంవత్సరము ముగియు నాటికే సామాన్యపదములను తప్పులేక చదువగలుగుచుండగా, ఆంగ్లము నేర్చువారికి ఆ దశ చేరుటకు అంతకు రెట్టింపునకు మించిన కాలము పట్టుచున్నదని వారు కనుగొనిరి. మన లిపికి తోబుట్టువగు కన్నడ లిపిని పరిశీలించి సొనాలీ నాగ్ అను విదుషి 2007లో మఱియొక సంగతిని వెల్లడించినది: అక్షరములను, గుణింతములను, ఒత్తులను సంపూర్ణముగా వశపఱచుకొనుట పిల్లలకు నాలుగవ తరగతి వఱకును సాగుచున్నదట. ఇది వారి మందబుద్ధి కాదు. లిపి యంత విస్తారమైనది. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. నాలుగేండ్లు కోరు సొంతలిపిని, తనవారికే కష్టమగు పరాయి వర్ణక్రమమును, రెంటిని ఒకే యేడు, ఒకే పసిచేతి మీద మోపుచున్నాము.

మేము కొంతకాలముగా సాయంకాలపు పాఠములలో స్వచ్ఛందముగా పాల్గొనుచున్నాము. అచ్చటికి వచ్చు నొక రెండవ తరగతి బాలిక ‘బ్యూటిఫుల్’ అను మాట యక్షరములను ఊపిరి విడువక ఏకరువు పెట్టినది. ఒక్క యక్షరము తప్పలేదు. అర్థమేమి తల్లీ యని యడిగితిమి. “అది బుధవారం డిక్టేషన్ మాటండీ” అన్నది. తరువాత పలక మీద ‘చెట్టు’ అని వ్రాయుమనగా ‘చెటు’ అని వ్రాసినది. ఆ బాలిక తల్లి మిరపకాయల కళ్ళములో తొడిమలు తీయు కూలి, తండ్రి తాపీపనివాడు. బిడ్డ వ్రాసినది తప్పో, ఒప్పో ఆ యింట చెప్పువారు లేరు. బడిలో చేయవలసిన పనిని ఇంటికి పంపుట యనగా, చదువుకొన్న తల్లి గల బిడ్డకు ఒక మెట్టు ఎక్కించి, కూలితల్లి బిడ్డను ఒక మెట్టు దింపుటయే. ఆ లోటు తీర్చుకొనుటకు ఆ కూలివారు నెలనెల ట్యూషనునకు సొమ్ము చెల్లించుచున్నారు. చదువు ఉచితమని చట్టము. వర్ణక్రమము మాత్రము కొనుక్కొనవలసి వచ్చుచున్నది.

చట్టమను మాట వచ్చినది గనుక వృత్తిధర్మముగా దాని సంగతియు చెప్పవలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను ప్రకారము బిడ్డను శరీరమున దండించుటయే గాక మనసును వేధించుటయు నిషిద్ధము. 29వ సెక్షను పాఠ్యక్రమము బిడ్డను భయాందోళనలనుండి విముక్తుని చేయవలెననియు, సాధ్యమైనంతవఱకు మాతృభాషలో బోధింపవలెననియు చెప్పుచున్నది. 1993లో యశ్‌పాల్ సంఘము తన నివేదికలో సంచిబరువు కంటె అర్థముకాని చదువు బరువే యెక్కువ హానికరమని స్పష్టపఱచినది. 2018 మే నెలలో మద్రాసు ఉన్నత న్యాయస్థానము ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఇంటిపని ఈయరాదని యాదేశించినది. ఆ నవంబరులో కేంద్ర విద్యాశాఖ రాష్ట్రములకు అట్లే వ్రాసినది. 2020 నాటి పాఠశాలసంచి విధానము మఱింత వివరముగా నున్నది: రెండవ తరగతి వఱకు ఇంటిపని ఏమియు వలదు, మూడునుండి అయిదవ తరగతి వఱకు వారమునకు రెండు గంటలు మించరాదు. దినమునకు గాదు, వారమునకు. ఇది శాసనము కాదు, విధానమే. కావున దానిని ధిక్కరించినవారిని బోనెక్కించు మార్గము సులభముగా లేదు. అయినను ఇన్ని కాగితములు ఏకముఖముగా ఒకే మాట చెప్పుచుండగా బిడ్డ పుస్తకమున పది మాటల పట్టిక ప్రతిదినము తప్పకుండుట మాత్రము వింతయే. మన ఉపాధ్యాయులలో ఎందఱు ఈ విధానమును కన్నులజూచిరో!

ఇంటిపని లేనిచో చదువు చెడునని భయపడువారికి ఒక పాతకథ చెప్పెదము. అమెరికాలో జోసెఫ్ మేయర్ రైస్ అను నొక వైద్యుడు విద్యావిషయములందు శ్రద్ధగలవాడై సుమారు 33,000 మంది బాలబాలికలకు వర్ణక్రమమున పరీక్షలు జరిపి 1897లో ఫలితములను ప్రకటించెను. దినమునకు పదునైదు నిమిషములు నేర్చినవారికిని, అంతకు రెండు మూడింతల కాలము వల్లెవేసినవారికిని ఫలితమున చెప్పుకోదగిన భేదము కనబడలేదు. నూటపాతికేండ్లు దాటినను ఆ కథ మన బడులకు ఇంకను చేరలేదు. పదునైదు నిమిషములు చాలునన్నచో ఆ పని బడిలోనే, నేర్పగలవాని యెదుటనే జరుగవచ్చును గదా!

మనవారు వెంటనే మఱియొక సాక్ష్యమును ప్రవేశపెట్టుదురు. అమెరికాలో 1925నుండి జరుగుచున్న జాతీయ వర్ణక్రమపు పోటీలో భారతసంతతి పిల్లలు పదేపదే గెలుచుచున్నారు. 2019లో ఎనిమిదిమంది కలసి విజేతలైరి, వారిలో ఏడుగురు మన సంతతివారే. మన పిల్లలకు శక్తి లేదనుట యెట్లు? శక్తి లేదని మేమనలేదు. ఆ పిల్లలు పుట్టినది మొదలు ఆంగ్లము నడుమ నున్నవారు. వారిలో పెక్కండ్ర ఇండ్లలో చదువుకొన్న తలిదండ్రులు గంటలకొలది కూర్చుండి చెప్పుచున్నారు. పైగా అది యిష్టపడి దిగిన పోటీ. ఒక భాషలో మాటను తప్పులేక వ్రాసినవారికి దేశమంతయు చప్పట్లు కొట్టుచున్నదనిన, ఆ పని యెంత కష్టమో ఆ దేశమే యొప్పుకొనుచున్నదన్నమాట. ఆ పందెపు గుఱ్ఱముల వేగమును కొలబద్దగా గైకొని మన పల్లెల పసిబిడ్డలను అదలించుట న్యాయము కాదు.

ఇంతకంటె బలమైన యాక్షేపణ యొకటి గలదు. “అయ్యా, మీరు ఉన్నత న్యాయస్థానమున ఆంగ్లమున వాదించి జీవించుచున్నారు, మా బిడ్డలకు మాత్రము ఆంగ్లము వలదనుచున్నారు” అని పేదతండ్రి యడిగినచో తేలికగా త్రోసివేయరాదు. రాజ్యాంగము 348వ అధికరణము ప్రకారము ఆ న్యాయస్థానపు భాష ఆంగ్లమే. ఉద్యోగములకును అదియే దారి. అందుచేతనే 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆంగ్లమాధ్యమమునకు ఉత్తరువు చేసినప్పుడు, 2020 ఏప్రిలులో ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసినను, తలిదండ్రులలో పలువురు ప్రభుత్వము పక్షముననే నిలిచిరి. తెలంగాణమున 2022-23నుండి ప్రభుత్వ పాఠశాలలందు ఆంగ్లమాధ్యమము క్రమముగా ప్రవేశించినది. ఆ తండ్రి కోరిక అవివేకము కాదు. ఆంగ్లము వలదని మేమనుట లేదు. అది వినికిడితో, మాటతో, పాటతో ఆరంభము కావలె ననుచున్నాము. నోట పలుకని మాటను చేత వ్రాయించు పద్ధతివలన ఆ తండ్రి కోరిన ఆంగ్లమే రాకుండ పోవుచున్నది. 2024 నాటి అసర్ నివేదికను చూడుడు: దేశమున గ్రామసీమల అయిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు సగమునకు లోబడియే యున్నారు. వారు చదువలేనిది తమ బడిభాషలోని పాఠము. అది చదువలేని బిడ్డకు ‘వెడ్నస్‌డే’లో పలుకని ‘డి’ యెచ్చట దాగినదో చెప్పి యేమి లాభము?

వెనుకటి వీధిబడులే మేలని చెప్పువారితోడను మేమేకీభవింపము. కోదండము, గోడకుర్చీ, తొడపాశము ఆ బడులలోనివే. కాని ఒక్క సంగతి: ఆ పంతులు పాఠమును బడిలోనే చెప్పి, బడిలోనే దిద్దించి, బడిలోనే అప్పజెప్పించుకొనెడివాడు. ఇసుకమీద వ్రాసిన తప్పును చేతితో చెరిపి మరల వ్రాయించెడివాడు. ఎఱ్ఱసిరాతో కొట్టి ఇంటికి పంపెడివాడు కాడు.

మేము కోరునది స్వల్పము. రెండవ తరగతి ముగియువఱకు ఏ భాషలోనైనను వర్ణక్రమమును ఇంటికి పంపవలదు. మూడవ తరగతినుండి పంపదలచినచో, ఆ దినమున బడిలో చదివి, అర్థము తెలిసికొని, నోట వాడిన మాటలే నాలుగైదు పంపవలెను. బిడ్డ ఒంటరిగా చేసికొనగలిగినదే యిల్లు చేరవలెను. ఉక్తలేఖనమున తప్పిన మాటను పదిమాఱులు వ్రాయించు శిక్షను మానవలెను. అట్లు వ్రాయు బిడ్డ నాలుగవ వరుసనుండి తన తప్పునే చూచి వ్రాయుచుండుట మేము పలుమాఱులు చూచితిమి. ఒక ప్రక్క తెలుగును, ఒక ప్రక్క ఆంగ్లమును అచ్చొత్తిన ద్విభాషాపుస్తకములు రెండు రాష్ట్రములందును వచ్చియున్నవి. తెలుగు ప్రక్కను చదివి, కథ తెలిసిన పిదప ఆంగ్లపు ప్రక్కకు పోవుట యను సామాన్యపద్ధతిని అవలంబించినను చాలును. దానికి క్రొత్త వ్యయమేమియు లేదు.

ఉపాధ్యాయులను మాత్రము నిందించుట మాకిష్టము లేదు. ఇంటిపని ఈయని బడి బడియే కాదని వచ్చి దెబ్బలాడు తలిదండ్రుల నెఱుగుదుము. రుసుము చెల్లించువారికి పనిచూపుటకై పుస్తకములు నింపించు ప్రైవేటు పాఠశాలల నెఱుగుదుము. ప్రభుత్వ పాఠశాలలందును, సహాయము పొందు పాఠశాలలందును యాజమాన్య సంఘములున్నవి. విద్యాహక్కు చట్టము 21వ సెక్షను ప్రకారము అందు నాలుగింట మూడు వంతులు తలిదండ్రులే, సగము స్త్రీలే యుండవలెను. ఆ సంఘములు మధ్యాహ్నభోజనమును, గోడల సున్నమును చర్చించుచుండుట సంతోషమే. రాబోవు సమావేశమున ఎవరైన నొక తల్లి 2020 నాటి విధానములోని ఇంటిపని భాగమును తెలుగున చదివి వినిపించి, తన బిడ్డ పుస్తకమును బల్లమీద పెట్టి, ఇది యేల యని ప్రధానోపాధ్యాయుని అడుగవచ్చును. ఆ పుటలను తెలుగుచేసి ఇచ్చుటకు మావంటి న్యాయవాదులు ప్రతి పట్టణమునను సిద్ధముగా నుండవలెను. మేము మా తాలూకాలో ఆ పనికి ఇదివఱకే పూనుకొంటిమి.