దురదలన్నీ ఒక్కటి కావు

సంపాదకులకు,

విషపు మొక్కల వల్ల లేచే దద్దుర్లకు గృహవైద్యం సూచిస్తూ గత సంచికలో వెలువడిన వ్యాసం, అన్నింటికీ పసుపు, నిమ్మరసం కలిపిన పూతనే చెప్పడం సమంజసం కాదు. దూలగొండి కాయల నూగులో మ్యుకునైన్ అనే, మాంసకృత్తులను ఛేదించే ఎంజైము ఉండి, నూగు చర్మంలో గుచ్చుకున్న వెంటనే దురద పుట్టిస్తుంది కనుక, పైన ఏది రుద్దినా నూగు మరింత లోతుకు దిగడమే తప్ప ఉపశమనం కలగదు. అంటుకునే టేపును అద్ది నూగును లాగివేయడమే ముందు చేయవలసిన పని. నల్లజీడి సంగతి వేరు. రజకులు బట్టలపై గుర్తులు వేయడానికి వాడుతూ వచ్చిన దీని రసంలో ఉరుషియోల్ కోవకు చెందిన జిడ్డు పదార్థాలు ఉంటాయి. అవి నిమిషాల్లోనే చర్మంలోకి ఇంకి, శరీర రక్షణ వ్యవస్థను రెచ్చగొట్టి, సాధారణంగా ఒకటి రెండు రోజుల తరువాత బొబ్బలు లేపుతాయి గనుక, రసం తగిలిన తక్షణమే సబ్బుతో, ధారాళమైన నీటితో కడగడానికి ఉన్న విలువ తరువాత పూసే ఏ నూనెకూ లేదు. (బొబ్బల నీటి వల్ల దద్దురు పాకుతుందన్న భయమూ నిరాధారమే.) ఇక నిమ్మజాతి పండ్లలో సోరలెన్లు, అనగా ఎండ సోకితే చర్మాన్ని కమిలిపోజేసే రసాయనాలు ఉన్నందున, పొలంలో పనిచేసేవారికి ఆ పూత కొత్త గాయాన్ని తెచ్చిపెట్టగలదు. చల్లని తడిగుడ్డ, కాలమైన్ లోషను నిరపాయకరం. ముఖం, కళ్లు వాచినప్పుడు మాత్రం ఇంటి వైద్యంతో కాలయాపన తగదు.

— ఒక పాఠకుడు