బస్తర్‌కు ఎలాంటి గ్రంథపాలకులు కావాలి?

గ్రంథాలయ శాస్త్రంలో పీజీ కోర్సు మేలైనదని దేన్ని చూసి చెప్పాలి? కంప్యూటర్ల సంఖ్య, యూజీసీ నెట్ పరీక్షలో ఉత్తీర్ణత చూస్తే చాలదు. చదువరి భాషలో ఉన్న పుస్తకాన్ని వెతికి అతని చేతికి అందించే నేర్పు విద్యార్థికి అబ్బిందా అన్నదే అసలు కొలత. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో గోండీ, హల్బీ, ధుర్వా, భత్రీ మాట్లాడతారు. కుంట వైపు దోర్లీ, తెలుగు వినిపిస్తాయి. ఒక్క గోండీనే దేవనాగరిలోనూ, తెలుగు లిపిలోనూ, మసరాం, గుంజాల లిపుల్లోనూ రాస్తున్నారు. చివరి రెండింటికీ యూనికోడ్‌లో చోటు దక్కింది 2017, 2018లలోనే. ఒకే కథ మూడు లిపుల్లో అచ్చయితే కేటలాగులో ఎలా కలపాలి? పాడేవారి గొంతులో తప్ప ఎక్కడా లేని పాటను ఎవరి అనుమతితో రికార్డు చేసి భద్రపరచాలి? వర్గీకరణ పట్టికలు కంఠతా పట్టినంత మాత్రాన వీటికి జవాబు దొరకదు.

ఇవన్నీ నేర్పుతూ కూర్చుంటే ఉద్యోగ పరీక్షలకు చదివేదెప్పుడని కొందరు అడుగుతారు. పేద ఇళ్ల నుంచి వచ్చే పిల్లల విషయంలో ఆ బెంగ న్యాయమైనదే. అయితే సిలబస్ తీసేయమని ఎవరూ అనడం లేదు. ఒక సెమిస్టర్ ఊళ్లలో పనికి కేటాయించమంటున్నాం. బెజవాడలో 1920లోనే గ్రంథపాలకులకు శిక్షణ తరగతులు నడిపిన ఆంధ్ర గ్రంథాలయోద్యమం ఊళ్ల అవసరం నుంచే పుట్టింది. బస్తర్ విషయానికొస్తే, ఛత్తీస్‌గఢ్ గ్రంథాలయ చట్టం, బస్తర్‌కు కేంద్రమైన జగ్‌దల్‌పూర్‌లోని విశ్వవిద్యాలయం రెండూ 2008లోనే వచ్చాయి. ఇక చేయాల్సింది వాటిని ఈ అవసరానికి వాడుకోవడమే. స్థానిక భాషలు తెలిసిన పట్టభద్రులకు గ్రంథాలయ పోస్టుల్లో ప్రాధాన్యం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించాలి. అందుకు తగ్గ కోర్సును విశ్వవిద్యాలయం రూపొందించాలి.