పాటకు పట్టా యాడుంది?



ఉదయగిరి, ఆత్మకూరు వైపు మన కాలనీలకు పోయినప్పుడల్లా ఈ మధ్య ఒక కొత్త సంగతి చూస్తన్నా. ఇంటరు చదివే పిల్లోళ్లు, ఐటీఐ మధ్యలో మానేసినోళ్లు, పొద్దున జామాయిల్ కొట్టను పోయి మాపటికి ఇల్లు చేరేవాళ్లు, ఫోనులో బీట్ పెట్టుకోని ర్యాప్ చెప్తన్నారు. ఏం కావాలనుకుంటున్నావురా అని అడిగితే పోలీసు, టీచరు అనే పాత జవాబుల పక్కన "ఇండిపెండెంట్ ర్యాపర్" అనే మాట వచ్చి కూర్చుంది. మన పెద్దలకు ఇది నచ్చట్లేదు. "పరాయి సంస్కృతి", "పని లేని వాగుడు", "డప్పు పట్టుకోని మన పాట పాడితే ఏం?" అంటుండారు. సంఘం మీటింగుల్లో కూడా ఈ మాటే. పెద్దల మీద గౌరవం ఉంచుకోనే చెప్తున్నా, ఈ మాట తప్పు.

ముందు పరాయి సంగతి తేలుద్దాం. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లో, బ్రాంక్స్ అనే పేదోళ్ల పేటలో, ఒక అపార్ట్‌మెంట్ కింది హాల్లో సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి టికెట్ పెట్టి చిన్న పార్టీ చేసింది. ఎందుకు? బడికి వేసుకుపోను కొత్త బట్టలు కొనుక్కోడానికి. పాటలు వేసింది ఆమె అన్న, డీజే కూల్ హెర్క్. జమైకా నుంచి బతుకుదెరువుకు వలసొచ్చిన కుటుంబం. హిప్‌హాప్ పుట్టిన రోజు అదేనని లోకమంతా చెప్పుకుంటుంది. బడి బట్టల కోసం పుట్టిన కళ మనకెట్లా పరాయిదవుతుందో ఎవరన్నా చెప్పండి.

ఇంకో మాట. సోది చెప్పే ఎరుకల అవ్వను ఎప్పుడన్నా దగ్గర కూర్చోని విన్నారా? బుట్ట దించి, చెయ్యి పట్టుకోని మొదలుపెడితే ఊపిరి తీసుకోకుండా, ప్రాస తప్పకుండా, ఎదుటి మనిషి మొహం చూస్తూ అప్పటికప్పుడు మాట అల్లుకుంటూ పోతుంది. బీట్ లేదు. పేపరు లేదు. ర్యాపర్లు ఫ్రీస్టైల్ అని దేనికి చప్పట్లు కొట్టించుకుంటారో అది ఆ అవ్వకు రోజు కూలి. మరి ఆ కళకు మన తెలుగు సమాజం ఇచ్చిన బిరుదేంది? "సోది ఆపు". పనికిరాని మాటకు పేరు సోది. తిట్టడానికి పేరు యానాది. మన ఆడోళ్ల విద్యను తీసుకుపోయి వెక్కిరింపు కింద వాడుకున్న భాష ఇది. అందుకే "ఆ పిల్లోడు ర్యాప్ పేరుతో సోది చెప్తన్నాడు" అని ఎవరన్నా నవ్వితే, అవును, సోదే చెప్తన్నాడు అని తిరిగి చెప్పండి.

మన పేర్లు బయటోళ్ల నోట మొదట ఎట్లా పలికాయో కూడా గుర్తుంచుకోవాలి. 1871లో బ్రిటిషోళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మన జిల్లాలోనే కావలిలో ఎరుకలోళ్ల కోసం సెటిల్మెంటు పెట్టారు. పుట్టుకతోనే దొంగలని రాసుకోని, హాజరు పట్టీ పెట్టి పేరు పిలిచి, పలికితేనే మనిషి ఉన్నట్టు లెక్క. చట్టం 1952లో పోయింది. చూపు పోయిందా? అడవి పక్క రోడ్డు మీద మన పిల్లోడు బండి మీద పోతుంటే ఆపి "ఏ ఊరు, ఎవురోళ్లు" అని అడిగే చూపు, ఎర్రచందనం మాట ఎత్తే చూపు ఇంకా ఉండాది. అట్లాంటి చోట ఒక పిల్లోడు హాజరు పలకడం కాకుండా తనంతట తానే మైకు ముందు నిలబడి తన పేరు, తన కాలనీ పేరు గట్టిగా చెప్పుకుంటే అది పని లేని వాగుడు ఎట్లా అవుతుంది?

నేను చూసిన ఒక సంగతి చెప్తా. ఒక ఆగస్టు 9 కార్యక్రమానికి మన పిల్లోళ్లను పిలిచారు. ర్యాప్ చెప్తామంటే నిర్వాహకులు ఒప్పుకోలా. ఆకులు కట్టుకోని, మొహానికి రంగు పూసుకోని, నెత్తిన ఈకలు పెట్టుకోని చిందేస్తే చాలన్నారు. యానాదోళ్లు ఈకలు పెట్టుకోవడం మా అవ్వ కూడా చూసి ఉండదు. చిల్లకంప కొట్టి బొగ్గులు కాల్చే మనిషి, చేల గట్లు తవ్వి ఎలకలు పట్టే మనిషి, ఇటుక బట్టీకి పోయే మనిషి వాళ్ల కంటికి ఆదివాసీలాగా కనపడడు. ఆకు కట్టుకుంటేనే ఆదివాసీ, జీన్స్ ప్యాంటేస్తే కాదు. ఈ లెక్క రాసిందెవరు?

అయితే తమ్ముడూ, నీతో కూడా పేచీ ఉంది. నీ ర్యాపులు కొన్ని విన్నా. ఎప్పుడూ ఎక్కని కారు, ఎప్పుడూ చూడని తుపాకి, హైదరాబాద్ యాస, ఆడపిల్లల మీద బూతు. ఇదంతా నీకెందుకు? సినిమాలోళ్లు మన నెల్లూరు యాసను కామెడీకి వాడుకున్నారని నువ్వు దాన్ని సిగ్గుపడి దాచుకుంటున్నావు. నీ ఎదురుగా సోమశిల ఉంది. పెన్నమ్మ నీళ్లు డెల్టా పొలాలకు పోతుంటే చూస్తూ నిలబడ్డ మెట్ట నీది. ఆధార్ లేక రేషన్ రాని కాలనీ నీది, అప్పు తీరక తోటల్లో ఆగిపోయిన కుటుంబం నీది. ఒడిశాలో కలహండి జిల్లా దులేశ్వర్ టాండి డిగ్రీ చదివి, రాయపూర్ హోటళ్లలో పని చేసి, 2020 లాక్‌డౌన్‌లో నడిచిపోయే వలస కూలీల మీద సొంత మాటలో ర్యాప్ చెప్తే దేశం విన్నది. మహారాష్ట్రలో మహాదేవ్ కోళీ తెగ ఆడబిడ్డ మాహీ జీ ఇంజినీరింగ్ చదివి కూడా అడవి మీద, తన జనం మీద ర్యాప్ చేస్తా ఉంది. వాళ్లకు లేని కారు నీ పాటలోకి ఎందుకొచ్చింది?

ఇప్పుడు అసలు సంగతికొస్తా. నా భయం నువ్వు గెలవవని కాదు. గెలిచిన రోజు నీ పాట నీ చేతిలో ఉండదని.

మనకు దగ్గరోడు, అరక్కోణం పిల్లోడు అరివు. దళితుడు, ఇంజినీరింగ్ చదివాడు. పా. రంజిత్ పూనుకోని నిలబెట్టిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్‌లో పాడాడు. వాళ్ల నాయనమ్మ శ్రీలంక తేయాకు తోటల్లో కూలికి పోయి, అక్కడ చెట్లు పెంచి, చివరికి ఏమీ లేకుండా తిరిగొచ్చిన మనిషి. ఆ బతుకునే 2021 మార్చిలో 'ఎంజాయ్ ఎంజామి' పాట చేశాడు. ఊరూరా మోగింది, మన పెళ్లి బండ్ల మీద కూడా మోగింది. ఆ ఏడాది ఆగస్టులో ఒక పెద్ద సంగీత పత్రిక ఆ పాట గురించి అట్ట మీద బొమ్మ వేస్తే అందులో అరివు లేడు. గొడవయ్యాక వేరే డిజిటల్ అట్ట వేశారు. 2022 జులైలో చెన్నైలో చెస్ ఒలింపియాడ్ ప్రారంభానికి అదే పాట పాడించారు. అరివు లేడు. రాసింది నేను, కట్టింది నేను, పాడింది నేను అని అతనే బయటికొచ్చి చెప్పుకోవాల్సొచ్చింది. ఎవరి వాటా ఎంత అనే దాని మీద మిగతావాళ్లు వేరేగా చెప్పారు, ఆ తగువులోకి నేను పోను. కానీ 2024 మార్చిలో ఆ పాట సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ స్వయంగా వీడియో పెట్టి, ఆ పాట మీద తమకెవరికీ ఒక్క పైసా రాలేదన్నాడు. కోట్ల మంది విన్న పాట అది. ఇండిపెండెంట్ పాట అనే దాని పేరు!

మన తెలుగులోనే చూడండి. 12 మెట్ల కిన్నెర మొగులయ్య. 2021లో 'భీమ్లా నాయక్' పాటకు గొంతిచ్చాడు, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 మేలో హైదరాబాద్ పక్కన ఇల్లు కట్టే చోట కూలి పని చేస్తూ వీడియోలో కనిపించాడు. అందరూ "అయ్యో" అన్నారు. అయ్యో అనడం మనకు బాగా వచ్చు. ఆ గొంతు మోగిన ప్రతిసారీ ఆయనకు ఎంత రావాలి అని అడిగినోళ్లు తక్కువ.

ఇళ్ల స్థలానికి పట్టా లేకపోతే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడు తరాలుగా ఉన్న చోటు నుంచి ఒక్క పూటలో లేపేస్తారు. పాట కూడా అంతే. ఉదయగిరి చెక్క గరిటెకు ఊరి పేరు మీద భౌగోళిక గుర్తింపు కాగితం ఉంది. నీ పాటకు ఏముంది?

చట్టంలో నీకు ఉండేవి కొన్ని ఉండాయి, తెలుసుకో. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నువ్వు రాసిన పాట రాసిన క్షణం నుంచే నీది, రిజిస్ట్రేషన్ లేకపోయినా. హక్కు వేరేవాళ్లకు పోవాలంటే నోటిమాట చాలదు, రాతలో నీ సంతకం ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అది ఐదేళ్లకే. యాడిదాకానో రాయకపోతే ఇండియా వరకే. 2012 సవరణ ఇంకో అడుగు ముందుకేసింది. రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు రావాల్సిన రాయల్టీలో సమాన వాటాను నీ వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ రాసివ్వకూడదు, రాయించుకున్నా చెల్లదు. సినిమా హాల్లో సినిమాతో పాటు వేసేదానికి ఇది వర్తించదు, మిగతా చోట్ల వర్తిస్తుంది. ఒక మెలిక మాత్రం ఉంది: పాట మీద హక్కు వేరు, రికార్డింగ్ మీద హక్కు వేరు. "స్టూడియో ఖర్చు నాది, నువ్వు పాడు చాలు" అనే అన్న దగ్గర రికార్డింగ్ ఆయనదవుతుంది. వెయ్యి రూపాయలిచ్చి భుజం తట్టి తెల్లకాగితం మీద సంతకం అడిగితే, పెట్టొద్దు. తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి మన తాతలు ఎన్నేళ్లు వెట్టి చేశారో నీకు తెలుసు.

యూట్యూబ్‌లో దొరికే "ఫ్రీ బీట్" కూడా చాలాసార్లు ఫ్రీ కాదు. డబ్బు సంపాదించకుండా ఉన్నంతవరకే ఫ్రీ అని కింద రాసుంటది. పాట నడిచాక బీట్ చేసినవాడు క్లెయిమ్ వేస్తే వచ్చే డబ్బులు అతనికి పోతాయి. అందులో అతని తప్పు లేదు, అది అతని కష్టం. డప్పు కొట్టే మామను పిలిచి, ఆ దెబ్బను ఫోనులో రికార్డు చేసి, దాని మీద బీట్ కట్టుకో. ముంబై కుర్లా పిల్లోడు నేజీ 2014లో ఒక్క ఐప్యాడ్‌తో పాట రికార్డు చేసి, వీడియో తీసి పైకొచ్చాడు.

ఇక సంఘం పెద్దలకు, అధికారులకు ఒక్క మాట. చూసిన గంటల లెక్కన యూట్యూబ్ ప్రకటనల డబ్బులివ్వాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వ్యూస్ కావాలి. మన పిల్లోడు కిందామీదా పడి అది దాటాడనుకుందాం. అప్పుడు చిరునామా నిజమేనా అని చూడటానికి పోస్టులో ఒక పిన్ నంబరు పంపిస్తారు. ఏ చిరునామాకు? డోరు నంబరు లేని గుడిసెకా? చెరువు కట్ట మీది కాలనీకా? నెల్లూరు జిల్లాలో 2011 లెక్కల ప్రకారం దాదాపు నూటికి పదిమంది ఎస్టీలం. అందులో ఎంతమంది ఇంటికి పోస్టుమాన్ వస్తాడు? ర్యాప్ పరాయిదని తీర్మానాలు చేసే బదులు డోరు నంబర్ల కోసం ఎంపీడీఓ ఆఫీసు ముందు కూర్చోండి. మీ పక్కన మేం కూర్చుంటాం, మైకు మా పిల్లోళ్లే పట్టుకుంటారు.

వచ్చే ఆగస్టు 9కి ఉదయగిరిలో అయినా ఆత్మకూరులో అయినా ఒక గంట ర్యాప్‌కే ఇవ్వాలని అడుగుతున్నాం. ఆకులు, ఈకలు లేకుండా. యానాది, ఎరుకల, సుగాలీ ఎవరైనా రావచ్చు, ఎరుకల మాటలో చెప్తే ఇంకా సంతోషం. ఆడపిల్లలు ముందు పాడతారు, ఎందుకంటే సోది వాళ్ల విద్య. వచ్చేటప్పుడు పాట రాసుకున్న నోటుబుక్కు తెచ్చుకోండి, ప్రతి పాట కింద పేరు, తేదీ రాయించి ఫొటో తీసి పెడతాం. పాన్ కార్డు లేనోళ్లు ఆధార్ జిరాక్స్ పట్టుకు రండి. ఆధార్ కూడా లేనోళ్లు ఊరికే రండి, ఫారాలు మా దగ్గర ఉండాయి.