ఒకే సర్వర్‌లో అందరి కాపురం

దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ డైరెక్టర్ జనరల్ గారికి,

చీరల దుకాణం, ట్యూషన్ సెంటర్, డయాగ్నస్టిక్ ల్యాబ్... చవకగా దొరికే షేర్డ్ సర్వర్‌లో ముగ్గురి కస్టమర్ల వివరాలూ పక్కపక్కనే ఉంటాయి. మధ్య గోడ గట్టిగా లేకపోతే ఒక ఇంట్లో దూరిన దొంగకు మిగతా ఇళ్లూ దొరికినట్టే.

వర్డ్‌ప్రెస్ సైటునే తీసుకుంటే, దాని కాన్ఫిగ్ ఫైలులో డేటాబేస్ పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే ఉంటుంది. ఫైలు పర్మిషన్ 644 అని ఉండి, ఖాతాలను విడదీయకపోతే పక్క ఖాతాదారు కూడా దాన్ని చదవగలడు. 600 అయితే యజమానికే చదివే వీలు. సైట్లన్నిటికీ ఒకే డేటాబేస్ యూజర్‌ను పెడితే ఆ జాగ్రత్తా వృథాయే.

పెద్ద సంస్థలకూ ఈ చిక్కు తప్పలేదు. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ డేటాబేస్ సేవ కాస్మాస్ డీబీలో ఒక ఖాతాదారు వేలమంది ఇతరుల డేటాబేస్ తాళాలు సంపాదించగల లోపాన్ని సైబర్ భద్రతా సంస్థ విజ్ పరిశోధకులు 2021 ఆగస్టులో బయటపెట్టారు.

నియమాలైతే ఉన్నాయి. సైబర్ దాడిని గమనించిన 6 గంటల్లో తనకు తెలపాలని సెర్ట్-ఇన్ 2022లోనే ఆదేశించింది. డేటాకు తగిన రక్షణ కల్పించకపోతే 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం జరిమానా రూ.250 కోట్ల దాకా ఉంటుంది. అయినా తన హోస్టింగ్ సంస్థ ఏ జాగ్రత్త తీసుకుందో చిన్న దుకాణదారుకు తెలియడం కష్టం.

సైటుకో యూజర్, ఆ యూజర్‌కు తన డేటాబేస్ మీదే హక్కు, ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్. ఈ మూడూ ఉన్నాయని ప్రతి హోస్టింగ్ సంస్థా ఖాతాదారుకు రాసివ్వాలని సెర్ట్-ఇన్ ఆదేశించాలి.

ఇట్లు,
ఒక పత్రికా రచయిత