నువ్వు టైపు చేసుకోవడానికేగా!

మొన్న ఆదివారం మా పక్కింటి వదినగారు చేతిలో కొత్త పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చారు. "మా మరిది కొడుకు కొనిచ్చాడండీ! ఇది తగిలిస్తే నా కంప్యూటర్‌కి మెమొరీ పెరుగుతుందట!" అన్నారు, సరస్వతీ లేహ్యం దొరికినంత సంబరంగా.

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మీద కాదు లెండి, ఆ సలహా మీద.

మా గండిమైసమ్మ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకి కొదవలేదు. చౌరస్తాలో నిలబడి రాయి విసిరితే ఎవరో ఒక కంప్యూటర్ కుర్రాడికి తగులుతుంది. అంచేత ఇలాంటి సలహాలకీ కరువు లేదు. నేను ఉత్త బి.ఏ. దాన్నే. అయినా ఇది చేతులు కాల్చుకుని నేర్చుకున్న చదువు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ఈ పెన్‌డ్రైవ్ వైద్యం పేరు రెడీబూస్ట్. 2007లో మైక్రోసాఫ్ట్ వారు విండోస్ విస్టాతో పాటు తెచ్చారు. ఆ విస్టా మహాతల్లికి ఆకలెక్కువ. మన ఇళ్ళల్లోని కంప్యూటర్లలో చూస్తే ర్యామ్ అంతంతమాత్రం. చోటు చాలక మాటిమాటికీ హార్డ్ డిస్కు దగ్గరికి పరుగెత్తేవి. ఆ డిస్కులో గ్రామఫోను ములుకులాంటిది ఒకటి, తిరిగే పళ్ళెం మీద కావలసిన చోటు వెతుక్కునేసరికి సెకనులో వందో వంతు పడుతుంది. పెన్‌డ్రైవ్‌లో తిరిగేదేమీ లేదు గనుక చిన్న చిన్న ముక్కల్ని అంతకంటే త్వరగా అందిస్తుంది. తరచుగా కావలసినవాటి నకళ్ళు విండోస్ అందులో దాచుకుంటుంది. అంతే సంగతి. దాంతో అది ర్యామ్ అయిపోదు.

మన వంటింటి భాషలో చెప్పాలంటే ర్యామ్ స్టవ్వు పక్క గట్టు. హార్డ్ డిస్కు అటక. ఈ పెన్‌డ్రైవ్ గుమ్మం పక్కన వేసిన స్టూలు. పోపుల డబ్బా స్టూలు మీద పెట్టుకుంటే అటకెక్కే బాధ కొంత తప్పుతుంది, కాదనను. కానీ గట్టు జానెడే ఉంటే, స్టూళ్ళు ఎన్ని వేస్తే మాత్రం పదిమందికి వంట అవుతుందా? డీడీఆర్-3 రకం ర్యామ్ సెకనుకి పదివేల మెగాబైట్ల దాకా అందిస్తుంది. యూఎస్‌బీ 2.0 పెన్‌డ్రైవ్‌కి కాగితం మీద లెక్కే 60! పైగా రాసి చెరిపే కొద్దీ పెన్‌డ్రైవ్ అరిగిపోతుంది. ఎస్ఎస్‌డీ ఉన్న కంప్యూటరైతే ఈ స్టూలు నాకక్కర్లేదు పొమ్మని విండోసే చెప్పేస్తుంది. దీన్ని నమ్ముకోవడం కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమే.

ఇక నా కథ. కొన్నేళ్ళ క్రితం మావాడు కొత్త లాప్‌టాప్ కొనుక్కుని, తన పాత డెస్క్‌టాప్ నాకు దయచేశాడు. 1 జీబీ ర్యామ్. నవల ఫైలు తెరుచుకునేలోగా కాఫీ డికాక్షన్ దిగేది. ఇంకో ర్యామ్ ముక్క వేయిద్దామంటే "నువ్వు టైపు చేసుకోవడానికేగా! దానికెందుకు డబ్బు?" అన్నారు మావారు. వెంటనే మా చెల్లెలి కొడుకు అందుకున్నాడు. "పెద్దమ్మా, నీ పెన్‌డ్రైవ్ ఉందిగా!" ఆ 8 జీబీ మొత్తం వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలన్నాడు, నొక్కేశాడు. అందులో నా నవల మూడు అధ్యాయాలున్నాయి. వేరే నకలు పెట్టుకోకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. నెల్లాళ్ళు కూర్చుని మళ్ళీ రాశాను. మొదటిసారి చచ్చిపోయిన అత్తగారు రెండోసారి బతికి బయటపడింది, ఆవిణ్ణి మళ్ళీ చంపే ఓపిక నాకు లేక!

ఆ "టైపు చేసుకోవడానికేగా" అన్న మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అబ్బాయి గేములకి గ్రాఫిక్స్ కార్డు కొంటారు. ఆయనగారి క్రికెట్‌కి 55 అంగుళాల టీవీ వస్తుంది. మన వంతు వచ్చేసరికి మాత్రం ఓ పుల్ల గుచ్చి సర్దుకోమంటారు. వదినగారు ఆ కంప్యూటర్ మీద తన పచ్చళ్ళ వ్యాపారం లెక్కలు రాసుకుంటారు. ఆ ఇంటి కిరాణా అంతా ఆవిడ సంపాదనే. ఆ యంత్రానికి మాత్రం అతుకుల వైద్యం చాలా?

ర్యామ్ వేయడం బ్రహ్మవిద్య కూడా కాదు. మన యంత్రానికి డీడీఆర్-2 కావాలో, 3 కావాలో, 4 కావాలో చూసుకోవాలి, ఒకటి ఇంకోదాంట్లో పట్టదు. కరెంటు తీగ పీకేసి, పక్క మూత విప్పి, గాడి చూసి నొక్కితే క్లిప్పులు టక్కున పట్టుకుంటాయి. కుట్టుమిషన్‌లో బాబిన్ వేసుకునేవాళ్ళకి అదో లెక్కా?

ఇదంతా విని వదినగారు పెన్‌డ్రైవ్ వంక దిగులుగా చూశారు. "మరి దీన్నేం చెయ్యనండీ?"

"మీ పచ్చళ్ళ లెక్కల నకలు అందులో దాచుకోండి" అన్నాను.

బుధవారం ఇద్దరం సికింద్రాబాద్ వెళుతున్నాం. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉందిగా, అక్కడికి. ఆవిడ కంప్యూటర్‌కో ర్యామ్ ముక్క, నాదానికో ముక్క. మధ్యాహ్నం భోజనం సంగతేమిటని మావారు అప్పుడే అడిగారు. ఫ్రిజ్‌లో పెరుగుందని చెప్పాను.