కంప్యూటరులోని పాతర – మన కర్తవ్యం

పూర్వం మన పల్లెలలో రైతులు ధాన్యాన్ని నేలలో పాతర వేసి దాచుకొనేవారు. కరవు వచ్చినా, దోపిడి జరిగినా, వచ్చే ఏటి విత్తనం మాత్రం భూమి కడుపులో భద్రంగా ఉండేది. అయితే పాతర వేసినంత మాత్రాన రైతు పని తీరిపోయేది కాదు. వాననీరు దిగుతున్నదా, చెద పట్టినదా అని కనిపెట్టి ఉండవలసి వచ్చేది. ఆదమరచిన రైతుకు అవసరం పడిన నాడు పాతరలో దొరికేది ముక్కిపోయిన గింజలే.

నేటి కంప్యూటరులోనూ ఇట్టి పాతర ఒకటి ఉన్నది. దానిని రికవరీ పార్టిషన్ అంటారు. యంత్రంలోని హార్డ్ డిస్క్‌ను కొన్ని భాగాలుగా విభజించి, అందులో ఒక భాగాన్ని వాడుకరి కంటికి కనబడకుండా దాచి ఉంచుతారు. కంప్యూటరు పాడైననాడు దానిని తిరిగి నిలబెట్టే సామగ్రి అంతా అందులో ఉంటుంది. కొనే సమయంలో దుకాణదారుడు ‘సీడీ అక్కరలేదండీ, అంతా లోపలే ఉన్నది’ అని చెప్పగా విని సంతోషించని వారు లేరు. కాని ఆ లోపల ఉన్నది అవసరానికి తెరుచుకోకపోతే ఏమి కావాలి? ఈ ప్రశ్నను విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచడమే మా ఉద్దేశ్యం.

ఇది సైన్సు విభాగంవారి విషయం గదా, తెలుగు బోధించేవారికి దీనితో ఏమి పని అని కొందరు అడుగవచ్చును. మా సమాధానం ఒకటే. ఈ వార్షిక సంచికలోని ఉర్దూ పుటలు ఇన్‌పేజ్‌లోనూ, తెలుగు పుటలు అను ఫాంట్లలోనూ కూర్చబడుతున్నవి. విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలు, అధ్యాపకుల పాఠ్యాంశాలు, కార్యాలయపు లెక్కలు అన్నీ ఈ యంత్రాలలోనే ఉన్నవి. గ్రంథం ఎక్కడ ఉంటే భాషా ఉపాధ్యాయుని బాధ్యత అక్కడ ఉంటుంది.

మొదట ఈ పాతర స్వరూపాన్ని గ్రహించాలి. ఇందులో రెండు రకాలున్నవి. విండోస్ ఎక్స్‌పీ, విస్టా, 7 కాలపు యంత్రాలలో తయారీదారులు యంత్రాన్ని కొన్ననాటి స్థితికి తెచ్చే పూర్తి ప్రతిబింబాన్ని దాచి ఉంచేవారు. అది ఎన్నో గిగాబైట్ల స్థలాన్ని ఆక్రమించేది. విండోస్ 10, 11 యంత్రాలలో సాధారణంగా ఉండేది ఇంతకంటె చాల చిన్నది. వందల మెగాబైట్లలో ఉండే ఈ భాగంలో విండోస్ మొత్తం ఉండదు. విండోస్‌ను మరమ్మతు చేసే చిన్న వ్యవస్థ మాత్రమే ఉంటుంది. మొదటిది విత్తనాల పాతర అయితే, రెండవది పనిముట్ల కొట్టు. ఈ తేడా తెలియకపోవడం చేతనే చాలమంది, ఉన్నదానిలో లేనిదానిని వెదకి నిరాశ పడుచున్నారు.

ఇక తెరుచుకోకపోవడానికి కారణాలు చూతము. వీటిలో సామాన్యమైనది ద్వారం తెలియకపోవడం. ఒక్కొక్క తయారీదారుడు ఒక్కొక్క మీట నిర్ణయించినాడు. హెచ్‌పీ యంత్రాలలో ఎఫ్ 11, ఏసర్‌లో ఆల్ట్‌తో కలిపి ఎఫ్ 10, ఏసుస్‌లో ఎఫ్ 9, తోషిబాలో సున్న. లెనోవో వారి అనేక లాప్‌టాప్‌లలో నోవో అనే చిన్న మీట ప్రక్కనే వేరుగా ఉంటుంది. ఈ మీటను యంత్రం మేల్కొనే మొదటి క్షణాలలో నొక్కాలి. కంపెనీ చిహ్నం మాయమైన తరువాత ఎంత నొక్కినా ఫలితం లేదు. విండోస్ తెరుచుకొనే స్థితిలోనే ఉంటే షిఫ్ట్ మీట పట్టుకొని రీస్టార్ట్ ఎంచుకొనడం ఉత్తమ మార్గం. వరుసగా రెండుసార్లు విండోస్ ప్రారంభం కాలేకపోతే ఈ మరమ్మతు వ్యవస్థ తనంతట తానే ముందుకు వచ్చేటట్లు కూడ ఏర్పాటు ఉన్నది.

రెండవ కారణం, దారి తెగిపోవడం. పాతర ఉన్నది, గింజలూ ఉన్నవి. అక్కడికి పోయే త్రోవ మాత్రం చెడిపోయినది. పాత యంత్రాలలో డిస్క్ మొట్టమొదటి భాగాన మాస్టర్ బూట్ రికార్డ్ అనే చిన్న లిపి ఉంటుంది. తయారీదారులు తమ మీటను గుర్తుపట్టే ఆజ్ఞను ఆ లిపిలోనే చేర్చేవారు. ఎవరైనా లినక్స్ స్థాపించినప్పుడు గ్రబ్ అనే ప్రారంభ సాధనం ఆ లిపి మీద తన లిపి వ్రాసుకొంటుంది. లేదా విండోస్ మొరాయించినదని ఫిక్స్ ఎంబీఆర్ అనే ఆజ్ఞ ఇస్తే మైక్రోసాఫ్ట్ వారి సామాన్య లిపి వచ్చి చేరుతుంది. రెండు సందర్భాలలోనూ విండోస్ చక్కగా తెరుచుకోవచ్చును గాని, తయారీదారుని మీట మూగబోతుంది. పాత ఏసర్ యంత్రాలలో బయాస్‌లో డీటూడీ రికవరీ అనే ఎంపిక ఉండేది. అది ఆపివేయబడి ఉంటే ఆల్ట్, ఎఫ్ 10 మీటలు పలుకవు. అట్టి చోట మరమ్మతు అంటే ఒక ఎంపికను మార్చడమే. తెలియక యంత్రమంతా తుడిచివేయించుకొన్నవారు ఎందరో!

పాతయంత్రాలలో మరొక ఉపాయమున్నది. డిస్క్‌పార్ట్ అనే సాధనంతో దాగిన భాగాన్ని ఎన్నుకొని యాక్టివ్‌గా ప్రకటిస్తే, యంత్రం నేరుగా ఆ భాగం నుండే మేల్కొనవచ్చును. అయితే ఇది కత్తిమీద సాము. పొరపాటున వేరొక భాగాన్ని యాక్టివ్ చేస్తే ఉన్న విండోస్ కూడ తెరుచుకోదు. జీపీటీ పద్ధతిలో విభజింపబడిన క్రొత్త డిస్క్‌లకు ఈ ఉపాయం వర్తించనే వర్తించదు.

క్రొత్త యంత్రాలలో చేయవలసిన పరీక్ష సులభం. అడ్మినిస్ట్రేటరు హోదాలో కమాండ్ ప్రాంప్ట్ తెరచి, రీఏజెంట్‌సి అనే ఆజ్ఞకు స్లాష్ ఇన్ఫో చేర్చి ఇస్తే, మరమ్మతు వ్యవస్థ సిద్ధంగా ఉన్నదో, ఆపివేయబడి ఉన్నదో యంత్రమే చెప్పుతుంది. ఆపివేయబడి ఉంటే స్లాష్ ఎనేబుల్ చేర్చి మరల ఇవ్వాలి. విన్‌ఆర్ఈ అనే దస్త్రం ఉండవలసిన చోట ఉంటే అంతటితో దారి బాగుపడుతుంది. లేకపోతే విండోస్ స్థాపన సామగ్రి నుండి ఆ దస్త్రాన్ని తెచ్చి పెట్టవలసి ఉంటుంది.

మూడవ కారణం, అసలు పాతరే లేకపోవడం. పాత డిస్క్ తీసి క్రొత్త ఎస్ఎస్‌డీ వేయించినప్పుడు, లేదా స్థలం చాలడం లేదని పేరులేని భాగాన్ని చెరిపివేసినప్పుడు, దానితో పాటు పాతర కూడ పోతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరచి చూస్తే ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. లేనిదానికై మీటలు నొక్కుతూ కూర్చొనడం కాలహరణం.

నాల్గవది గమనార్హమైనది. వాడుకరి తప్పు ఏమీ లేకుండానే, యంత్రాన్ని రక్షించవలసిన సవరణలే పాతరకు చేటు తెచ్చిన సందర్భాలున్నవి. 2024 జనవరి 9న విండోస్ 10 కొరకు మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన 5034441 సంఖ్య గల సవరణ, రికవరీ భాగంలో చాలినంత చోటు లేని యంత్రాలలో స్థాపన కాక నిలిచిపోయినది. మరొక 250 మెగాబైట్లు చోటు కల్పించుకొమ్మని కంపెనీ సూచించినది. డిస్క్‌ను మరల విభజించడం సామాన్యునికి చేతనైన పనియా? అట్లే 2025 అక్టోబరు 14న విండోస్ 11కు వచ్చిన 5066835 సంఖ్య గల సవరణ తరువాత, మరమ్మతు తెర కనబడుచున్నా అందులో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయలేదు. తలుపు తెరుచుకొన్నది గాని లోపల అడుగు పెట్టడానికి వీలు లేదు! అక్టోబరు 20న మరొక సవరణ ఇచ్చి దానిని చక్కదిద్దినారు. ఆ ఆరు దినాలలో యంత్రం చెడినవాని గతి ఏమి?

దీనిని బట్టి మేము చేరిన నిర్ణయం స్పష్టం. పాతరను పూర్తిగా నమ్ముకొనరాదు. అది చెడ్డదని కాదు. అది ఉన్న చోటు చెడ్డది. కాపాడవలసిన వస్తువూ, కాపాడే సాధనమూ ఒకే డిస్క్ మీద ఉన్నవి. డిస్క్ చెడితే రెండూ ఒక్కసారే పోతవి. తాళంచెవిని పెట్టెలో పెట్టి, పెట్టెకు తాళం వేసినట్లున్నది ఈ ఏర్పాటు.

మన వాఙ్మయ చరిత్ర ఈ పాఠాన్ని ఎన్నడో చెప్పినది. తాళపత్రాలు చెదపురుగుకూ, తేమకూ లోబడినవి. ఒకే ప్రతిగా మిగిలిన గ్రంథం ఆ ఆకులతోనే నశించినది. పలుచోట్ల ప్రతులు వ్రాయబడిన గ్రంథం నిలిచినది. పందొమ్మిదవ శతాబ్దిలో సి. పి. బ్రౌన్ దొర కడపలో లేఖకులను నియమించి, వ్రాతప్రతులను సేకరించి, శుద్ధప్రతులు వ్రాయించినందువలననే అనేక తెలుగు కావ్యాలు మనకు దక్కినవి. ప్రతి వేరుగా ఉండాలి, వేరొక చోట ఉండాలి, చదువగల స్థితిలో ఉండాలి. తాళపత్రానికి చెల్లిన ఈ నియమం పెన్‌డ్రైవ్‌కూ చెల్లుతుంది.

‘ఈ కాలంలో ఇంటర్నెట్ నుండి విండోస్‌ను దించుకొనే సౌకర్యమున్నది, ఇంత చింత ఎందుకు?’ అనేవారున్నారు. 2020లో విండోస్ 10లో క్లౌడ్ డౌన్‌లోడ్ ప్రవేశపెట్టబడిన మాట నిజమే. కాని విండోస్ తెరుచుకోనప్పుడు ఆ ఎంపిక లభించేది ఈ మరమ్మతు వ్యవస్థ లోపలనే. పాతర తలుపే తెరుచుకోనప్పుడు ఆ సౌకర్యం ఎవరికి? పైగా దానికి నాలుగు గిగాబైట్లకు మించిన డేటా కావలసి వస్తుంది. ‘మెకానిక్కు ఇచ్చివేస్తే సరి’ అనేవారూ ఉన్నారు. మెకానిక్కు త్వరగా చేయగల పని ఫార్మాట్ చేయడం. ఆయన తప్పు లేదు; యంత్రం ఆయనది, వ్రాసినది మనది. తండ్రి అప్పు చేసి కొనిచ్చిన లాప్‌టాప్‌లో మూడేండ్ల చదువు దాచుకొన్న విద్యార్థికి యంత్రం తిరిగి వచ్చి చదువు తిరిగి రాకపోతే, ఆ మరమ్మతు వలన ఏమి లాభం?

ఇక్కడ ఒక హెచ్చరిక. కొన్ననాటి స్థితికి యంత్రాన్ని చేర్చే పాత పాతర, సాధారణంగా విండోస్ ఉన్న భాగంలోని మన దస్త్రాలను తుడిచివేస్తుంది. కనుక యంత్రం చెడినప్పుడు మొదట చేయవలసిన పని మరమ్మతు కాదు, దస్త్రాల రక్షణ. లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని మేల్కొలిపి, దస్త్రాలను వేరొక డిస్క్‌లోకి ఎత్తుకోవాలి. డిస్క్ నుండి టకటక శబ్దం వస్తున్నట్లయితే యంత్రాన్ని ఆపివేసి నిపుణునికి చూపాలి. బిట్‌లాకర్ రక్షణ ఉన్న యంత్రంలో 48 అంకెల తాళసంఖ్య లేనిదే దస్త్రాలు చదువబడవు. ఆ సంఖ్యను ముందే కాగితం మీద వ్రాసి ఉంచుకొనడం ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనుమన్నారు పెద్దలు. కావున కమిటీ పెద్దలకు మా విన్నపాలు ఇవి. మొదటిది, కళాశాలలోని యంత్రాలన్నిటికీ, మోడలును బట్టి రికవరీ డ్రైవ్‌లు తయారు చేయించి, పేర్లు వ్రాసి, బీరువాలో భద్రపరచాలి. విండోస్‌లోనే ఇందుకు సాధనమున్నది. 16 గిగాబైట్లు లేదా అంతకు మించిన ఖాళీ పెన్‌డ్రైవ్ ఉంటే చాలును. రెండవది, ప్రతి యంత్రానికీ ఒక పుట కేటాయించి, దాని మీట ఏది, తాళసంఖ్య ఏది, పరీక్షించిన తేదీ ఏది అని రిజిస్టరులో నమోదు చేయించి, ఆ రిజిస్టరును తాళం వేసి ఉంచాలి. మూడవది, ఏటా పరీక్షలకు ముందు ప్రతి యంత్రపు మరమ్మతు వ్యవస్థనూ ఒకసారి తెరచి చూడాలి. తెరచి చూడని పాతర ఉన్నా లేనట్లే. నాల్గవది, ఈ సంచిక ఉర్దూ, తెలుగు మూలప్రతులను, వాటి ఫాంట్లతోనూ, పీడీఎఫ్ ప్రతితోనూ కలిపి రెండు వేర్వేరు స్థలాలలో ఉంచాలి. యంత్రం బాగుపడి ఫాంట్లు పోతే మన అక్షరాలు గజిబిజి గుర్తులుగా మిగులుతవి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత యంత్రాలను మార్చడమా, లినక్స్‌కు మరలించడమా అనే చర్చ కళాశాలలకు తప్పదు. ఆ మార్పు సమయంలోనే దాగిన భాగాలు చెరిపివేయబడే ప్రమాదం అధికం. కనుక ఈ ఏర్పాట్లు మార్పుకు ముందే జరుగవలెనని మా అభిప్రాయం.

విద్యార్థులారా! మరమ్మతు అనే మాట ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చి తెలుగుమాటే అయిపోయినది. మాట మన సొంతమైనట్లే పని కూడ మన సొంతం కావాలి. యంత్రాన్ని చూచి భయపడవద్దు. దానిని గ్రుడ్డిగా నమ్మనూ వద్దు. ఈ సెలవులలో మీ కంప్యూటరు చెడకముందే దాని పాతరను ఒకసారి తెరచి చూడండి. తెరుచుకొన్నదా, ఒక పెన్‌డ్రైవ్‌లో రికవరీ డ్రైవ్ తయారు చేసుకోండి. తెరుచుకోలేదా, మరింత త్వరగా తయారు చేసుకోండి. ఆ పెన్‌డ్రైవ్‌ను మాత్రం లాప్‌టాప్ సంచిలో పెట్టవద్దు. వేరొక చోట ఉంచండి.